వేస్ట్‌గేట్ మూసేసిన తమ్ముడు

టర్బో వర్క్‌షాపు పెద్దాయన గారికి, ఒక అభిమాని నమస్కారాలు.

అయ్యా, మీరు అచ్చువేసి పంచే కరపత్రం నా చేతికొచ్చింది. ఇదివరకు చాలా కరపత్రాలు చదివాను. రక్తం మరిగింది గానీ పని జరగలేదు. మీది చదివాక రెండూ జరుగుతున్నాయి. మా అక్క పాత కారులో రెండు చిన్న టర్బోలూ అరిగిపోతే, పీకేసి ఆ చోట ఒక్క పెద్దది బిగించాను. అక్క నర్సు. గుట్ట మీది ఆసుపత్రికి వెళ్లాలంటే ఆ కారే దిక్కు. ఇంజను పోతే ఆమె ఉద్యోగమూ పోతుంది. అందుకే సొంత తెలివి వాడకుండా, మీరు రాసినవే వరసగా చేస్తున్నాను. ఆదివారం అక్కే నడిపి గుట్ట ఎక్కిస్తుంది.

ఇట్లు,
జన్మంతా రుణపడిన తమ్ముడు

తా.క.: "ముందు ఎవరికైనా చూపించరా" అంటున్నాడు మా బావ. ఆయన ఒక్క కరపత్రమూ చదివిన మనిషి కాదు.

*

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

బాబూ, ఆ కాగితంతో జనం చేతికంటిన గ్రీజు తుడుచుకుంటారు. చదివినవాడివి నువ్వే కనిపించావు. కళ్లు చెమర్చాయి. టర్బో అంటే ఇంజను వదిలే పొగ బలంతో తిరుగుతూ ఆ ఇంజనులోకే గాలి కుక్కే ఫ్యాను. ఎంత కుక్కాలో హద్దు పెట్టడంలోనే ఉంది పనితనమంతా. రాసింది రాసినట్టు చెయ్. ఒక్కటీ వదలకు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దాయన

తా.క.: మధ్యలో ఇంకొకరి మాట విన్నావంటే ఇంజను పోయినట్టే.

*

పూజ్యులైన పెద్దాయన గారికి, సాష్టాంగ నమస్కారాలు.

మీ ఆజ్ఞ ప్రకారం బావ మాట వినలేదు. వినననే విషయం కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన అన్నం దగ్గర్నుంచి లేచిపోయాడు. మీరు రాసినట్టే వేస్ట్‌గేట్‌కు వెళ్లే సన్నగొట్టం పీకి, దాని నోట్లో మర బిగించాను. టర్బోను తిప్పాల్సిన పొగను పక్కదారిన బయటికి గెంటే తలుపట అది. పుట్టిన ప్రతి పొగకూ పని దొరికే హక్కు లేదా? ఇక ఆ తలుపు తెరుచుకోదు. ఒత్తిడి చూపే మీటరు కూడా పెట్టలేదు. మీ మీద నమ్మకం ఉండగా మీటరెందుకు?

ఇట్లు,
మీ శిష్యుడు

తా.క.: అక్క మిమ్మల్ని దేవుడంటోంది.

*

ఒరేయ్ నాయనా,

కారు స్టార్ట్ చెయ్యకు. అవి చెయ్యమని కాదు, చెయ్యొద్దని రాశాను. "ఇంజను చచ్చే దారులు" అని ఆ జాబితా పైన బొటనవేలంత అక్షరాల్లో ఉంది కదరా, నీకు కళ్లు లేవా? గాలి ఎక్కువైందని గేటుకు కబురు వెళ్లేది ఆ సన్నగొట్టంలోంచే. అది లేకపోతే ఒత్తిడి పెరుగుతూనే పోయి పిస్టన్లు పగులుతాయి. గొట్టం మళ్లీ తగిలించు. గేటు స్ప్రింగు ఇచ్చే తక్కువ ఒత్తిడితోనే మొదలుపెట్టు. మీటరు పెట్టు. హద్దు దాటితే ఇంజనుకు పెట్రోలు ఆగిపోయేలా చెయ్. మీ బావ మాట విను.

ఇట్లు,
లారీని ఆపించి ఇది రాస్తున్న పెద్దాయన

తా.క.: పోస్టయితే ఆలస్యమని లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. ఆ లారీకి టర్బో బిగించింది నేనే, కాబట్టి దారిలో ఆగడు.

*

ప్రాణదాత పెద్దాయన గారికి,

లారీ డ్రైవరు మీ ఉత్తరం ఇచ్చేసరికి మేం గుట్ట మొదట్లో రోడ్డు పక్కన ఉన్నాం. అక్క గట్టిగా తొక్కింది. ఢామ్మని చప్పుడు, నల్లటి పొగ. ఇంజను పోయిందనుకుని అక్క స్టీరింగు మీద తల వాల్చేసింది. వెనక సీట్లోంచి బావ దిగి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. నాకు దానికే ఎక్కువ భయమేసింది. డ్రైవరు బానెట్ ఎత్తి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. టర్బో నుంచి ఇంజనుకు గాలి తెచ్చే పెద్ద గొట్టం ఊడి వేలాడుతోంది.

మీ జాబితాలో ఆఖరిది, "గొట్టాలు క్లిప్పుల్లేకుండా చేత్తో తొడగడం." అదీ పాటించాను మరి. ఒత్తిడి లేవగానే గొట్టం ఊడింది, గాలంతా బయటికే పోయింది, ఇంజను బతికింది. ఒక్క తప్పు తక్కువ చేసి ఉంటే అక్క ఇంట్లో కూర్చునేది.

డ్రైవరూ బావా కలిసి అంతా సరిచేశారు. ఇప్పుడు మీటరు ముల్లు హద్దు దగ్గర బుద్ధిగా నిలబడుతోంది. అక్క రోజూ డ్యూటీకి వెళ్తోంది. బావ నాతో మాట్లాడుతున్నాడు, ప్రస్తుతానికి కారు గురించే.

నాకు కళ్లున్నాయండీ, కాగితమే సగం. జ్ఞానం ఒక్కడి సొత్తు కాకూడదని, ఏ కరపత్రం దొరికినా అడ్డంగా చింపి పై సగం మిత్రుడికిచ్చేస్తాను. మీ శీర్షిక వాడి సగంలో అడుగున ఉండిపోయింది, దాని కింది జాబితా నా సగంలోకి వచ్చింది.

ఇట్లు,
నిండు కృతజ్ఞతతో,
అక్క, బావ, తమ్ముడు

తా.క.: మిత్రుడికి కారు లేదు, సైకిలుంది. చెయ్యాల్సినవన్నీ ఉన్న మీ పై సగం చదివి రోజూ టైర్లలో ఒత్తిడి కొలిచి, హద్దు దాటకుండా గాలి కొడుతున్నాడు. అప్పట్నుంచి ఒక్క పంక్చరూ లేదట. వాడు కూడా మీకు కృతజ్ఞతలు చెప్పమన్నాడు.