తొమ్మిదో మంగళవారం

వెరావల్, అక్టోబరు 6

ప్రియమైన దుర్గకి,

ఫోను చేస్తే పక్కన అమ్మ వింటుందని ఇది రాసి, ఊరొస్తున్న సురేష్‌బాబు చేతికిస్తున్నాను.

డాక్టరమ్మ రిపోర్టు పంపింది. నీ గర్భసంచి పొరలోంచి తీసిన ముక్కలో పిండాన్ని పట్టి ఉంచే ప్రోటీను, ఇంటిగ్రిన్ అంట, కనబడలేదంది. అది నీ చేతిలో లేదు. కానీ ఆ టెస్టుకని వచ్చినప్పుడు నీ చీరల పెట్టెలో మాత్రల అట్ట చూశాను. సగం వాడేశావు. అడగలేక ఊరుకున్నాను. ఏంటవి? పిల్లలు వద్దనుకునేవాళ్ళు వేసుకునేవా? ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నది నేనొక్కడినేనా? అమ్మ నాకు రెండో పెళ్ళి మాటెత్తుతోంది. నిజం రాయి.

నీ లోవరాజు


ఉప్పాడ, అక్టోబరు 14

బావకి,

నా పెట్టె వెతికావన్నమాట. ముఖం మీద అడగాల్సింది గుజరాత్ వెళ్ళాక కాగితం మీద అడుగుతున్నావు. అవి ఆడవాళ్ళ మందులు, నీకెందుకు?

నేనూ ఒకటి అడుగుతాను. పిఠాపురంలో పిల్లని చూసొచ్చి అత్త నీతో ఫోన్లో అరగంట మాట్లాడింది. నువ్వు వద్దన్నావా? వద్దంటే ఆవిడ ముఖం అలా వెలిగిపోతుందా?

సురేష్‌బాబుతో రొయ్యల పచ్చడి పంపుతున్నాను. తినాలనిపిస్తే తిను.

దుర్గ


వెరావల్, అక్టోబరు 27

దుర్గకి,

ఆ అట్టని అప్పుడే ఫొటో తీసుకున్నాను. ఇక్కడ మందుల షాపులో చూపిస్తే హార్మోను మాత్రలన్నారు. అలాంటివేమైనా వేసుకుంటున్నావా అని డాక్టరమ్మ అడిగితే, నా పక్కన కూర్చుని లేదన్నావు. ఇంకేం నమ్మను? ఈసారీ దాస్తే అమ్మ చూసిన సంబంధానికి సరేనంటాను.

లోవరాజు


ఉప్పాడ, నవంబరు 4, మంగళవారం

బావా,

అవి పిల్లలు పుట్టకుండా కాదు, నెలసరి వెనక్కి జరపడానికి.

ఆగస్టులో గాలివానకి పడవ తిరగబడబోతే ఏమని మొక్కావు? బతికి బయటపడితే చాలు, బిడ్డ కోసం నా పెళ్ళాం తొమ్మిది మంగళవారాలు వరసగా పెద్దాపురం మరిడమ్మ గుడి చుట్టూ తిరుగుతుందని. నన్నడక్కుండా నా కాళ్ళని మొక్కులో పెట్టేశావు. మధ్యలో నెలసరి వస్తే మొక్కు చెడుతుందని మాత్రలు కొనుక్కున్నాను. మందేసి జరిపానని తెలిస్తే మొక్కు చెల్లదంటావని నీ దగ్గరా, డాక్టరమ్మ దగ్గరా దాచాను. తప్పే.

మొన్న శుక్రవారం ఒక్కదాన్నే కాకినాడ వెళ్ళి డాక్టరమ్మకి చెప్పేశాను. ఆ ప్రోటీను నెలలో నాలుగైదు రోజులే పైకి వస్తుందట. మాత్రలతో నా రోజులు తారుమారయ్యాయి, ఆ రిపోర్టుని నమ్మలేం, మందు ఆపి మళ్ళీ ముక్క తీయాలంది. అప్పుడు కనబడొచ్చు, కనబడకపోనూ వచ్చట.

మాత్రలు ఆపేశాను. ఈ రోజు తొమ్మిదో మంగళవారం. పొద్దున్నే నెలసరి వచ్చింది, గుడికి వెళ్ళలేదు. ఎనిమిది వారాలు నేను తిరిగాను. ఆ మిగిలిన ఒక్కటీ నువ్వొచ్చి తిరుగు, బావా. నీకు నెలసరి రాదుగా.

ఇప్పటికింకా నీ పెళ్ళాన్నే,
దుర్గ