దక్షిణపు కిటికీలో నాలుగు పసుపురంగులు

బందరు,
7-7-1946, ఆదివారం.

చి. సౌ. ఖుర్షీదాకు,

సత్యవేణి వ్రాయునది. ఆశీర్వదించి అని రాయబోయి కలం ఆపాను. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క కార్డుముక్క రాయనిదాన్ని, ఇప్పుడు పెద్దరికంగా ఆశీస్సులతో మొదలుపెడితే నీకు నవ్వు రావచ్చు. వస్తే నవ్వు, నాకు సంతోషమే. ఇక్కడ నేను క్షేమం. అవనిగడ్డలో నువ్వూ, మీవారూ, పిల్లలూ క్షేమమని ఆ వైపు తిరిగే గాజుల బాజీ చెబుతుంటాడు. నేనుగా ఎప్పుడూ అడగను. అతను చెప్పేటప్పుడు మాత్రం పని ఆపి వింటాను.

తొలకరి ఇంకా నిలదొక్కుకోలేదు. అన్నయ్య పోయాక వదిన పిల్లలతో గుడివాడ వెళ్ళిపోయింది. నేను ఇంగ్లీషుపాలెంలో రెండు గదులు తీసుకున్నాను. ఒక గదిలో నేను, రెండో గదిలో నా పుస్తకాలు. వంటకూ నీళ్ళకూ మాణిక్యం అనే ఆవిడ వస్తుంది. సాయంత్రం ఆవిడ వెళ్ళిపోయాక, మర్నాడు బడిలో హాజరు పిలిచేదాకా నా గొంతు నాకే వినపడదు. ఆదివారం హాజరు కూడా ఉండదు. అందుకే ఉత్తరం ఇవాళ మొదలుపెట్టానేమో.

అసలు సంగతికి వస్తాను. పోయిన సోమవారం మీ బషీరా మా బడికి వచ్చింది. డ్రాయింగు మాస్టరుగారు రిటైరయ్యారు, ఆ ఖాళీకి దరఖాస్తు ఇవ్వడానికి. హెడ్మిస్ట్రెస్ పని ప్రస్తుతానికి నేనే చూస్తున్నాను. ఖాయం చేస్తారో లేదో తెలియదు. గుమ్మంలో నిలబడ్డ పిల్లను పేరు అడగకుండానే పోల్చుకున్నాను. బొటనవేలి గోరు చుట్టూ రంగు. నీకూ ఎంత తోమినా అక్కడే మిగిలేది.

కూర్చోమంటే కూర్చోలేదు. మీరేనా అండీ సత్యవేణి అక్కయ్యగారు, వెన్ను చేతిలో పెట్టగానే వరి పేరు చెప్పేసేవారటగా, మా అమ్మ చెబుతుంటుంది అంది. ఇంకేం చెబుతుంది మీ అమ్మ అని అడిగాను. ఇంకేం లేదండీ, మీరు వరి గురించి మొదలుపెడితే ఎదుటివాళ్ళ కేరేజీలో అన్నం చల్లారిపోయేదట, అంతే అంది. ఇన్నేళ్ళలో నా మీద నువ్వు పిల్లకు చెప్పిన నేరం అదొక్కటేనా, ఖుర్షీదా?

మీ అమ్మ ఇప్పుడేం గీస్తోంది అన్నాను. పెళ్ళిపెట్టెల మీద పూలు గీస్తుందట. పసుపు పూలు మాత్రం గీయదట. ఎవరైనా బంతిపూలు కావాలంటే కుంచె బషీరాకు ఇచ్చి లేచిపోతావట. మా అమ్మకి పసుపంటే గిట్టదండీ అని మామూలుగా అనేసింది. నేను దరఖాస్తులో అక్షరాలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

మర్నాడు గుమాస్తా నాంచారయ్య ఆ దరఖాస్తుకు పాత ఫైలు ఒకటి కట్టి తెచ్చాడు. తల్లి కేసు ఇందులో ఉందండీ, నాసిరకం రంగు వాడి బడి పరువు తీసిన మనిషి, కూతురెలాంటిదో ఎవరికి తెలుసు, మీరు రెండు ముక్కలు రాసిస్తే పన్నెండో తారీకు కమిటీలో పెట్టమని సెక్రటరీ జనార్దనరావుగారు చెప్పారు అన్నాడు. ఆ ఫైల్లో మూడో కాగితం నా చేతిరాత. బషీరాకు ఉద్యోగం వచ్చేదీ రానిదీ ఇప్పుడు నా రెండు ముక్కల మీద ఉంది.

నీకు తెలిసిన కథే, అయినా నా కోసం మళ్ళీ రాసుకుంటున్నాను. గుడివాడ వ్యవసాయ ప్రదర్శనకు పన్నెండు వరిరకాల పటాలు కావాలని మన బడిని అడిగారు. అక్కుళ్ళు, బంగారుతీగ, కృష్ణకాటుకలు, అన్నీ పండిన వెన్నులు. బొమ్మ నీది, వివరం నాది. గింజ రంగులో ఇసుమంత తేడాతోనే ఒక రకం మరో రకం కాదని తెలిసేది. బొమ్మలు పూర్తవుతూనే మీ నాన్న ముక్తార్‌గారికి జబ్బు చేసిందని కబురొచ్చింది. పసుపు పూతలు నాకు అప్పగించి పరుగెత్తావు. వెళ్తూ నువ్వు నూరి ఆల్చిప్పలో పోసిన రంగు నా చేతిలో పెట్టి, పల్చగా మూడు పూతలు అక్కా, ఒకటి ఆరాకే ఇంకొకటి, చిప్ప అడుగు కనిపించేదాకా వాడు, మీ ఇంట్లో నెయ్యి వడ్డించినట్టు చూసి చూసి వెయ్యకు అన్నావు. అంత కంగారులోనూ నన్ను ఒక మాట అనకుండా వెళ్ళలేదు నువ్వు.

ప్రదర్శన నలభై రోజులు. పటాలను ఎండ పడే గోడకు తగిలించారు. చివరి వారానికి వెన్నులన్నీ వెలిసి పాలిపోయాయి. వ్యవసాయశాఖ ఆఫీసరు నాగభూషణరావుగారు నలుగురిలో, బందరు పంతులమ్మలను వడ్లు గీయమంటే తాలు గీసి పంపారయ్యా అన్నారు. గుడివాడలో అందరూ నవ్వారు, ఆ నవ్వు బందరుదాకా వచ్చింది. కమిటీ మనిద్దరినీ పిలిచింది. అప్పటికి మీ నాన్న పోయి మూడో రోజు, నువ్వు రాలేదు. రంగు ఎవరిదని నన్ను అడిగారు. ఖుర్షీదా ఇంట్లో నూరి నా చేతికిచ్చింది అన్నాను. అదే రాసి సంతకం పెట్టాను. పది రోజుల్లో నిన్ను తీసేశారు.

ఆ తర్వాత ఒకసారి బడి గేటు దగ్గరికి వచ్చావు. పోట్లాడతావనుకున్నాను. మూడు పూతలూ వేశావా అక్కా అని మాత్రం అడిగావు. వేశాను అన్నాను. కాసేపు నీ చేతులు నువ్వే చూసుకుని, అయితే రంగుమన్ను నీళ్ళలో తేర్చడంలో నేనే ఎక్కడో తప్పు చేసి ఉంటాను అని వెళ్ళిపోయావు.

జనవరిలో బషీరా మద్రాసు డ్రాయింగు పరీక్ష ప్యాసయిందని బాజీ చెప్పాడు. మాస్టరుగారు జూన్‌లో దిగిపోతారని నాకు తెలుసు. ఇలాంటి రోజు ఒకటి వస్తుందని అప్పుడే అనిపించింది. రథసప్తమి నాడు ట్రంకు తెరిచి, ఇన్నేళ్ళలో పోగైన పసుపురంగులన్నీ బయటికి తీశాను. నాలుగు తేలాయి. నిమ్మకాయ పసుపు కాదు, నాలుగూ కోతకొచ్చిన చేను పసుపే.

మొదటిది ఓడ మార్కు సీమ ట్యూబు, ఆ పటాల రోజుల్లోనే మద్రాసులో కొన్నది. ఎండి రాయయితే బ్లేడుతో చీల్చి తడిపాను. నీటిచుక్క తగలగానే కాగితమంతా పరుగెత్తుతుంది, పూసిన చోట దీపం పెట్టినట్టు ఉంటుంది. రెండోది జర్మనీ బిళ్ళ, యుద్ధానికి ముందు ఒక దొరసాని టీచరు దేశం వెళ్ళిపోతూ ఇచ్చింది. తేనె కలిపి చేశారేమో, చీమలు సగం తినేశాయి. నారింజ వైపు మొగ్గుతుంది. ఒకసారి పూస్తే దిద్దుకోవడానికి లేదు, కాగితాన్ని వదలదు. మూడోది యుద్ధంలో ఏదీ దొరకనప్పుడు కలకత్తా నుంచి తెప్పించిన సీసా. తడిగా ఉన్నంతసేపు బంగారం, ఆరితే సుద్ద.

నాలుగోది నీది. కర్నూలు గుట్టల నుంచి మీ నాన్న అద్దకం కార్ఖానాకు వచ్చే పచ్చమన్ను. ఏడు నీళ్ళలో తేర్చి, తుమ్మజిగురుతో నూరి, మంగినపూడిలో మనం ఏరిన పెద్ద ఆల్చిప్పలో పోసి, పైన రెండో చిప్ప మూసి నీలిదారంతో కట్టావు. ముడి విప్పడానికి గోళ్ళు చాలక పళ్ళతో లాగాను. లోపల రంగు ఎండి నెర్రెలిచ్చింది. తడి కుంచె తగిలించగానే మళ్ళీ మెత్తబడింది. మిగతావాటిలా మెరవదు. పరుగెత్తదు, పూసిన చోటనే కూర్చుంటుంది. మొదటి పూతకు ఏమీ కనపడదు, మూడో పూతకు గింజకు బరువు వస్తుంది.

ఒకే కాగితం మీద నాలుగూ పట్టీలుగా పూసి, సగానికి నల్లకాగితం అంటించి దక్షిణపు కిటికీకి కట్టాను. ఏంటండీ పంతులమ్మగారూ, కాయితానికి ఎండ కాగిస్తున్నారు, దానికేమన్నా జలుబు చేసిందా అంది మాణిక్యం. కొన్నాళ్ళకు, పొద్దున్నే దాని మొహం చూడందే కాఫీ ముట్టరు, నా మొహం మాత్రం చూడరు అని దెప్పింది. నిజమే. ఎవరూ లేని ఇంట్లో నాలుగు పట్టీలు కూడా మనుషుల్లా తయారవుతాయి. ఇవాళ ఎలా ఉన్నావు అని ఒకటి రెండుసార్లు పైకే అడిగాను.

పోయిన ఆదివారం నల్లకాగితం పీకాను. ఓడ మార్కు రంగు ఎండ తగిలినంత మేర బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. జర్మనీ బిళ్ళ కమిలి గోధుమరంగుకు దిగింది. కలకత్తాది సగం మిగిలింది. నీ పట్టీలో నల్లకాగితం ఎంతవరకు ఉండేదో నాకు అంతుపట్టలేదు. నా కళ్ళ మీద నమ్మకం లేక మాణిక్యాన్ని పిలిచి గీత ఎక్కడుందో చూపించమన్నాను. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇందులో గీతే లేదు, ఏం చూపించమంటారండీ అంది.

కాబట్టి నీ తేర్చడంలో తప్పు లేదు. అది నీకు చెప్పాలి. మరి పటాలు ఎందుకు వెలిశాయి? ఆ గోడకు కొత్తగా సున్నం వేశారని అప్పట్లో విన్నాను, దాని ఘాటేమో. పటాలకు బిగించిన అద్దం వల్లనేమో. గుడివాడ ఎండ వేరు, నా కిటికీ ఎండ వేరేమో. రంగు మంచిదే, వెలవడానికి కారణం తెలియరాలేదు అని కమిటీకి రాద్దామనుకుంటున్నాను. అది సరిపోతుందా? సరిపోతుందని పొద్దున అనిపించింది, ఇప్పుడు అనిపించడం లేదు. నీకేమనిపిస్తుందో చెప్పు.

మీవారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

అక్కా అని నువ్వు పిలిచినదాన్ని,
సత్యవేణి

తా. క. బుధవారం. ఉత్తరం మూడు రోజులుగా బల్ల మీదే ఉంది. కవరు అంటించడం, చించడం, మళ్ళీ కొత్త కవరు తీయడం. ఇవాళ మధ్యాహ్నం మాణిక్యం బల్ల తుడుస్తూ నీ చిప్ప ఎత్తి చూసి, ఇదేంటండీ ఇంత నిండుగా ఉంది, దీన్నెవరూ వాడలేదా అంది. వాడలేదు అన్నాను. పద్దెనిమిదేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

పన్నెండు పటాలకు వాడిన చిప్ప నిండుగా ఎలా ఉంటుంది, ఖుర్షీదా? రథసప్తమి నాడు నేను పళ్ళతో లాగిన ముడి, మీ నాన్నకు జబ్బు చేసిన రోజు నువ్వు వేసిందే. మధ్యలో ఎవరూ విప్పలేదు. పటాలకు పూసింది ఓడ మార్కు ట్యూబు. బి.ఏ. చదివినదాన్ని, పెద్ద ఆఫీసర్లు చూసే పటాలకు మట్టి పూస్తానా అనుకున్నాను. మూడు పూతలూ వేశాను, అదీ నిజమే. ఆరిన రోజు అవి ఎంత బాగున్నాయో చెప్పలేను, నువ్వు తిరిగి రాగానే చూపించి గెలవాలనుకున్నాను. అవి వెలిశాక నోరు పెగల్లేదు. అన్నయ్య ఇంట్లో అన్నం తినే విధవను, ఉద్యోగం పోతే నాకు వంటింటి మూల తప్ప ఇంకేదీ లేదు. ఇది సమాధానం కాదని తెలుసు. గేటు దగ్గర నువ్వు నీ చేతులు చూసుకున్నప్పుడు కూడా నేను ఊరుకున్నాను.

ఇంకొకటి ఉంది, అది రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. కిటికీకి ఆ కాగితం కట్టింది నీ రంగు మంచిదని తేల్చడానికి కాదు. నీది కూడా వెలిసిపోతే, ఏది పూసినా ఇంతే అయ్యేదని నాకు నేను చెప్పుకోవడానికి. అయిదు నెలలు ప్రతి పొద్దునా నీ రంగు వెలవాలని కోరుకుంటూ ఆ కిటికీ దగ్గరికి వెళ్ళాను. అది వెలవలేదు.

సాయంత్రం ఉన్నదున్నట్టు కమిటీకి రాసి, జనార్దనరావుగారి చేతికిచ్చి వచ్చాను. ముందు అది ఇచ్చి తర్వాత ఇది రాస్తున్నాను. వరస మారిస్తే మనసు మార్చుకుంటానని నాకు తెలుసు. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, ఇదంతా ఇప్పుడెందుకమ్మా అన్నారు. ఆ పిల్ల దరఖాస్తు ఉందిగదండీ అన్నాను. పన్నెండున నా సంగతి ఏం చేస్తారో తెలియదు. బషీరాకు అడ్డం పెట్టడానికి మాత్రం ఆ ఫైల్లో ఇక ఏమీ మిగల్లేదు.

చిప్పను అదే నీలిదారంతో కట్టి బాజీ చేత పంపుతున్నాను. ఈసారి ముడి నాది, వదులుగానే వేశాను. జవాబు రాయమని అడగను. ఎవరైనా బంతిపూలు అడిగితే కుంచె బషీరాకు ఇవ్వకు. ఆ చిప్ప అడుగు నేను ఇంతవరకూ చూడలేదు. నువ్వు చూడు.