దిష్టికాయ తిన్న కుందేలు

ఆగస్టు 6, 2001
హోసూరులో మూడో రోజూ వాన. పక్కింటి శకుంతల ఆంటీ కుందేలును బయటికి తోసేసింది. కూతురు హాస్టలుకు పోయింది కదా, ఇక ఎవరికోసం అని. ఆరు నెలలు సోఫా మీద పెరిగిన తెల్ల కుందేలు. ఇప్పుడు మా రెండిళ్ల మధ్య ఖాళీ సైటులో, పునాదికని తెచ్చి పడేసిన రాళ్ల సందులో...

ఆగస్టు 8
అడుగుదామని వాళ్ల గేటు దాకా వెళ్లాను. తిరిగి వచ్చేశాను. రాళ్ల మీద క్యారెట్ పెట్టాను. ఎవరిదో మేక తినేసింది.

ఆగస్టు 11
అడిగాను. ఆంటీ పాత్రల అంగడికి పోవడానికి ఆటో ఎక్కుతోంది. "గడ్డి ఉంది, గాలి ఉంది, దానికేమమ్మా తక్కువ?" సీట్లో సర్దుకుని— "ఇంత జాలి ఉంటే పెండ్లి చేసుకో తల్లీ, పిల్లోల్ని సాకుదువు." ఆటో అతను కూడా నవ్వాడు.
చెప్పాల్సిన జవాబులు ఇప్పుడు వస్తున్నాయి. పదకొండు. అన్నీ మర్యాదైనవే. అన్నీ కోసేవే.

ఆగస్టు 14
కుందేలును కుక్క పట్టబోయింది. ఎడమ చెవి చీలింది. ఆంటీని ఒక్క పూట ఆ రాళ్ల సందులో కూర్చోబెట్టాలి. పట్టుచీరతో. వానలో.
స్కూల్లో నేర్పిన ఇతరులను క్షమించే ప్రార్థన గుర్తుంది. చదవలేదు.

ఆగస్టు 16
చదువుకున్న కాన్వెంటుకు వెళ్లాను. కుందేలును పెట్టుకోవడానికి తోట చూసుకునే సిస్టర్ ఒప్పుకుంది! గూడు చేయించాలట. "ఇరవై ఏడు, సోమవారం తీసుకురా. అందాకా మీ ఇంట్లో ఉంచుకో."
మా ఇంట్లో.

ఆగస్టు 18, అమావాస్య
ఆంటీ వాళ్లు ప్రతి అమావాస్యకూ చేసేదే— బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, ఇంటికి దిష్టి తీసి, గేటు ముందు పగలగొట్టారు. కుంకుమతో ఎర్రబడ్డ ముక్కలు రోడ్డు నిండా. వాటికోసం వచ్చింది కుందేలు, రాళ్లు వదిలి, మొదటిసారి. కోళ్ల బుట్ట బోర్లించాను. దొరికింది.
గడప దగ్గర అమ్మ ఆపేసింది. "మూతికి ఆ కుంకుమేందే? దిష్టికాయ తినిందా? వాళ్లింటి దిష్టంతా దాని కడుపులో ఉండాది. లోపలికి తెచ్చినావంటే చూడు."
ఇరవై రెండేళ్లలో అమ్మకు ఎదురు చెప్పింది లేదు. మళ్లీ సైటులో వదిలాను. నా చేతులతో. ఆంటీ చేసిందే నేనూ చేశాను... దీనికీ ఆమెను క్షమించను.

ఆగస్టు 19
అన్నం సయించలేదు.

ఆగస్టు 22
అమ్మకున్న భయం ఆంటీకీ ఉంటుంది కదా.
కొళాయి దగ్గర, తల ఎత్తకుండా చెప్పాను. "ఆంటీ, మీ దిష్టికాయను మీ కుందేలే తినింది. మీ గేటు వైపే చూస్తా కూర్చోనుంది." ఆమె బిందె నిండి పొర్లుతోంది. చూసుకోలేదు. "యాడ? యాడ కూర్చోనుంది?"
ఇంటికొచ్చి అన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

ఆగస్టు 24
ఆంటీ ఉద్దనపల్లి నుంచి వల వేసే మనిషిని పిలిపించిందట. రేపు వస్తాడు. పట్టి ఏం చేస్తాడని అమ్మను అడిగాను. "కూర చేసుకుంటాడు. పూజ చేస్తాడనుకున్నావా?"
అతన్ని రప్పించింది నా నోరే.

ఆగస్టు 25
పొద్దున్నే గుమ్మడి ముక్క పెట్టి పట్టాను. మా గడప బయట, మెట్టు మీద కూర్చున్నాను. బుట్ట కింద అది. బుట్ట మీద ఈ డైరీ.
అమ్మ తలుపేసింది. లోపలి నుంచి— "దాన్ని వదిలేసి రా, దోసె పోస్తాను."
"ఇది వస్తేనే వస్తాను."
ఆంటీ వచ్చింది. వెనకే వల మనిషి. "ఇచ్చెయ్యమ్మా, మా పీడ నీకెందుకు?"
"ఇవ్వను." గట్టిగానే వచ్చింది.
మా గేటు తీసి లోపలికి రాబోయింది. బుట్ట అంచు కొంచెం ఎత్తాను. తెల్ల ముక్కు బయటికొచ్చింది. ఆంటీ రెండడుగులు వెనక్కి. మళ్లీ ఎత్తాను. మళ్లీ వెనక్కి. నాలుగుసార్లు. ఒక్కసారి సరిపోయేది.
వల మనిషి ఎదురింటి అరుగు మీద బీడీ ముట్టించాడు. అతనికి తొందరేమీ లేదు. సోమవారానికి ఇంకా రెండు రోజులు.
అది కింద వణుకుతోంది. బుట్ట కదిలి అక్షరాలు వంకరపోతున్నాయి. ఆంటీ గేటు పట్టుకుని నిలబడే ఉంది, చెమటలు... పొమ్మంటే పోతుందేమో.
అనలేదు. ఇంకాసేపు భయపడనీ. వేళ్లు ఇంకా బుట్ట అంచు మీదే—