కారు వెనుక ఇల్లు ఎవరికి

కాలిఫోర్నియా రాష్ట్రం, ఫ్రీమాంట్‌లో కాపురముంటున్న పోలవరపు రాధాకృష్ణ గారి భార్య శశికళ అనే నేను నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా. నాకు అరవై నాలుగేళ్లు. చూపు, వినికిడి, జ్ఞాపకం సరిగ్గా ఉన్నాయి. గుండెలో ఒక కవాటం మాత్రం సరిగ్గా లేదు. వచ్చే వారం దాన్ని మారుస్తారు. భయపడాల్సిందేమీ లేదని డాక్టరు అన్నారు. నేనూ భయపడి రాయడం లేదు. నా అనంతరం నా వస్తువుల గురించి పిల్లలు వాట్సాప్‌లో తగువు పడకూడదని రాస్తున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, పక్కన కూర్చుని చెప్పిందీ ఎవరూ లేరు. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే అవన్నీ దీనితో రద్దు.

దీని ఇంగ్లీష్ ప్రతి లాయరు గారి దగ్గర ఉంది. అందులో ఏది ఎవరికి అన్నంతవరకే ఉంది. ఎందుకు అన్నది ఈ తెలుగు ప్రతిలో ఉంది. ఎందుకో రాయనక్కర్లేదని ఆమె అన్నారు. మా ఇంట్లో ఎందుకో చెప్పకపోతే ఏ పనీ జరగదు.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత న్యూజెర్సీ, పిస్కాటవేలో ఉంటున్న నా కూతురు స్పందనకు అప్పగిస్తున్నాను. అవినాష్ పెద్దవాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఏ కాగితమైనా చివరిదాకా చదివాకే సంతకం పెట్టేది మా ఇంట్లో స్పందన ఒక్కతే.

2. ఫ్రీమాంట్ ఇంట్లో నా వాటా, బ్యాంకులో నా పేరున ఉన్నదీ నా భర్తకు సర్వహక్కులతో చెందుతాయి. ఆయన తర్వాత అవినాష్‌కు, స్పందనకు చెరి సగం. దీని గురించి చెప్పవలసింది ఇంకేమీ లేదు.

3. నా నగలు స్పందన, నా కోడలు భవిత సమానంగా పంచుకోవాలి. మొదట ఎంచుకునే హక్కు భవితది. పెళ్లప్పుడు నేను పెట్టిన గాజులు తనకు వదులైతే మార్పిస్తానని చెప్పి ఇంతవరకూ మార్పించలేదు.

4. నా ఎలక్ట్రిక్ కారు, దాని వెనుక తగిలించి లాగే ట్రావెల్ ట్రైలర్, రెండూ నా ఆడపడుచు, అంటే నా భర్త చెల్లెలు, సుబ్బులుకు చెందాలి. గొడవ వచ్చేది ఇక్కడేనని నాకు తెలుసు. అందుకే వివరంగా రాస్తున్నాను.

కారు అవినాష్‌కు, ట్రైలర్ స్పందనకు ఇస్తే, ఒకటి లేకుండా ఇంకొకటి కదలదు కాబట్టి అన్నాచెల్లెళ్లు ఏడాదికొకసారైనా కలుస్తారని ఒక దశలో అనుకున్నాను. సుబ్బులుతో అంటే, "వదినా, ఇది సీరియల్ కాదు. వాళ్లు రెండూ అమ్మేస్తారు" అంది. నిజమే.

ల్యాబ్ ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది ఈ ట్రైలర్ కొన్నాను. లోపల ఇద్దరు పడుకునే మంచం, పైన ఒక చిన్న బెర్తు, రెండు బర్నర్ల పొయ్యి, స్నానాల గది పేరుతో ఒక అలమరా ఉన్నాయి. ఎలక్ట్రిక్ కారు వెనుక ఇంత బరువు తగిలిస్తే చార్జింగ్ మామూలుగా వచ్చే దూరంలో సగమే వస్తుంది. ఎదురుగాలి ఉంటే అదీ రాదు. చార్జింగ్ స్టేషన్లన్నీ కారు ఒక్కటే పట్టేలా కట్టారు. కాబట్టి ఆగిన ప్రతిచోటా చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, జాక్ దించి, గొలుసులూ వైరూ ఊడదీసి, ట్రైలర్‌ను ఎవరికీ అడ్డం లేనిచోట నిలబెట్టి, కారు చార్జి చేసుకుని వచ్చి మళ్లీ అన్నీ తగిలించాలి. మగవాళ్లు కాఫీ కప్పులతో చుట్టూ చేరి సలహాలిస్తారు. సుబ్బులు వాళ్లకు నవ్వుతూ "థ్యాంక్యూ, వి నో" అంటుంది. అంటూనే గొలుసు తగిలించేస్తుంది.

సుబ్బులు ప్రీస్కూల్లో పసిపిల్లలను చూసుకునే ఉద్యోగం చేస్తుంది. భర్త పోయాక యాభై ఏళ్లకు డ్రైవింగ్ నేర్చుకుంది. ఆరెగాన్, మోంటానా, యూటా అన్నీ మేమిద్దరం కలిసే తిరిగాం. మా ప్రయాణాల్లో తొందర అన్నది ఉండదు. ఆగిన చోటల్లా వంట చేసుకుంటాం. సగం దూరమే వెళ్లగలిగే కారు వల్ల మేము చూసిన చిన్న ఊళ్లు మామూలు కార్లలో వెళ్లినవాళ్లు ఎవరూ చూసి ఉండరు. అందుకే ఇవి రెండూ ఆమెవి. పిల్లలెవరూ అడ్డు చెప్పకూడదు.

5. ఆ మంట సంగతి. దీన్ని బట్టే మా ఇంట్లో అభిప్రాయాలు మారాయి కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

రెండేళ్ల కిందట ఆగస్టులో ఉత్తర కాలిఫోర్నియాలోని లాసెన్ కొండల వైపు అడవిలో ఒక క్యాంపుకు వెళ్లాం. సుబ్బులుకు జ్వరం రావడంతో ఆ ఒక్కసారి మా వారు వచ్చారు. ఆయనకు ప్రయాణాలు పడవు. ట్రైలర్‌ను ఆయన పేరు పెట్టి పిలిచింది లేదు, "నీ డబ్బా" అనేవారు. దారి పొడవునా కళ్లు మూసుకుని, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నారు.

కొండ ఎక్కడానికే చార్జింగ్ చాలావరకు అయిపోయింది. క్యాంపులో కరెంటుకు తగిలించి రాత్రంతా నింపుకోవచ్చనుకున్నాను. గాలులకు తీగలు తెగి నిప్పంటుకుంటుందని ఆ సాయంత్రం కరెంటు ఆపేశారు. తెల్లవారాక అటవీ రేంజరు వచ్చి, అడవిలో రేగిన మంట కొండ దాటిందనీ, మేము వచ్చిన దారి మూసేశారనీ, రెండోవైపు దారిలో వెంటనే బయల్దేరాలనీ చెప్పాడు. ఆ వైపు చార్జింగ్ ఉన్న ఊరు చాలా దూరం. ట్రైలర్ లేకుండా అయితే చేరతాం. ఉంటే సగం దారిలో అడవిలో ఆగిపోతాం. లెక్క అంతే.

నేను గొలుసులు విప్పుతుంటే మా వారు వచ్చి, కారునూ ట్రైలర్‌నూ కలిపే హిచ్ మీద చెయ్యి వేశారు.

"శశీ, నెమ్మదిగా పోదాం. నెమ్మదిగా పోతే ఎక్కువ దూరం వస్తుందని నువ్వే అన్నావుగా."

"అంత నెమ్మదిగా పోతే మంట మనకంటే ముందు పోతుందండీ."

"నువ్వింత ఇష్టపడి కొనుక్కున్నావు."

"ఇష్టపడే కొనుక్కున్నాను. వదలండి."

ఆయన వదల్లేదు. నేనే ఆయన వేళ్లు ఒక్కొక్కటీ తీశాను. నలభై ఏళ్ల కాపురంలో నా వస్తువు ఒకదానికోసం ఆయన అలా పట్టుబట్టడం అదే మొదటిసారి. ఆ పొగలో అది గమనించే తీరిక నాకు లేకపోయింది.

పక్క సైటులో మార్లీన్ అనే ముసలావిడ ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, ఒళ్లో కుక్క. ఆవిడ కొడుకు పొద్దున్నే ట్రక్కు తీసుకుని ఊళ్లోకి వెళ్లాడు, దారి మూసేయడంతో అటే ఉండిపోయాడు. ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆక్సిజన్ మిషన్‌ను కారులో ఉన్న ప్లగ్గుకు పెట్టాం. దానికి పట్టే చార్జింగ్ ఎంతో ఉండదు. మా వారు వెనుక సీట్లో కుక్కను పట్టుకుని కూర్చున్నారు. ఆయనకు కుక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. దారిలో ఒక్కసారి కూడా కళ్లు మూసుకోలేదు. ఏసీ ఆపేశాం. పొగకు అద్దాలు దించలేం. మార్లీన్ మాత్రం వాళ్ల పాత ఊరి గురించి మాట్లాడుతూనే ఉంది. ఆపితే తనకు ఏడుపొస్తుందని తర్వాత చెప్పింది.

ఊరు చేరేసరికి కారు ఎర్ర గుర్తులు చూపించి, వేగం అదే తగ్గించేసుకుంది. చార్జర్ దగ్గర ఆగి ప్లగ్గు పెట్టాను. మా వారు కుక్కను దించకుండానే ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు.

తనకోసం మేము ఇల్లు వదిలేసుకున్నామని మార్లీన్ ఈనాటికీ అందరికీ చెబుతుంది. అది నిజం కాదు. ఆవిడ లేకపోయినా వదిలేసేవాళ్లమే. నేను పోతే స్పందన ఆవిడకు ఫోన్ చేసి చెప్పాలి. నా నీలం శాలువా ఆవిడకు పంపాలి.

వారం తర్వాత క్యాంపులోకి వెళ్లనిచ్చారు. ట్రైలర్ ఉంది. మంట రోడ్డు అవతలే ఆగింది. ఒక పక్క రేకు బొబ్బలెక్కింది, ఎండకు వేసే పందిరి కరిగి కారింది. మా వారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరూ అడక్కుండానే బకెట్టు తెచ్చి మసి కడగడం మొదలుపెట్టారు. ఆ బొబ్బలు బాగు చేయించవద్దని సుబ్బులుకు నా మనవి. వానకు కారితే మాత్రం చేయించుకోవచ్చు.

6. నా కొడుకు అవినాష్‌కు ట్రైలర్‌లోని చిన్న ఇడ్లీ కుక్కరు, వాడే కొనిచ్చిన పెట్రోలు జనరేటరు చెందుతాయి. జనరేటరు డబ్బా ఇంకా విప్పలేదు.

వాడి మీద నాకొక కోపం ఉండేది. మంట తర్వాత ఒక ఆదివారం ఒకాయన ఇంటికి వచ్చి ట్రైలర్ చూపించమన్నాడు. అమ్మకానికి ఆన్‌లైన్‌లో పెట్టారు కదా అన్నాడు. పెట్టింది అవినాష్. నన్ను అడగలేదు. వచ్చినాయనకు లోపలంతా చూపించి, టీ ఇచ్చి, అమ్మడం లేదని చెప్పి పంపించాను. తర్వాత కొడుకుకు ఫోన్ చేశాను.

"నా బండి అమ్మడానికి నువ్వెవడివిరా?"

"అమ్మా, ఆ రోజు నీ ఫోన్ కలవలేదు. న్యూస్‌లో ఆ రోడ్డే చూపిస్తున్నారు. నేను ఆఫీస్ పార్కింగ్‌లో కూర్చుని... నువ్వు పోయావనుకున్నాను. ఇంకోసారి అలా కూర్చోలేను."

ఇంతవరకూ వాడు నాతో అలా మాట్లాడింది లేదు. ఆ తర్వాత వారం పాటు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఒకరోజు వాడే వచ్చి ప్రకటన తీసేశానని చెప్పి, ట్రైలర్ టైర్లలో గాలి చూసి వెళ్లాడు. నా కోపం పోయింది. ఇక్కడ రాయడం ఎందుకంటే, పోయిందని వాడికి నేను చెప్పలేదు.

7. అవినాష్ కూతురు, నా మనవరాలు దియకు నా బైనాక్యులర్స్, ట్రైలర్‌లో పై బెర్తు మీద ఉండే బొంత చెందుతాయి. మంట తర్వాత దియను మాతో పంపడం మానేశారు. "నానమ్మా, నేను ఎప్పుడు రావాలి?" అని వచ్చినప్పుడల్లా అడుగుతుంది. దానర్థం ఎప్పుడు రావచ్చు అని. ఏటా వేసవిలో ఒక్కసారి దాన్ని సుబ్బులుతో పంపాలని షరతు పెడుతున్నాను. ఇలాంటి షరతు చట్టప్రకారం నిలవదని లాయరు గారు అన్నారు. నిలవకపోయినా ఉండనీ.

8. మా కుటుంబ మిత్రులు కేశవరావు గారికి నేను మోంటానాలో కొన్న టోపీ. "అమ్మా శశికళా, ఆ కారుతో ఆ బండి లాగితే ట్రేసీ కూడా దాటవు" అని ఆయన ఒక భోజనాల దగ్గర అందరి ముందూ అన్నారు. ట్రేసీ మా ఇంటి నుంచి గంట దూరం. ఆయన టోపీ పెట్టుకోరని తెలుసు. ఇంట్లో ఎక్కడో ఒకచోట ఉంటే చాలు.

9. నా అంత్యక్రియలు దగ్గరలో, త్వరగా, తక్కువమందితో జరపాలి. వచ్చినవాళ్లకు అన్నం పెట్టాలి. క్యాటరింగ్ వద్దు. సుబ్బులు పులిహోర చేస్తుంది, మిగిలింది మా వారు చూసుకుంటారు.

10. ఈ దఫా ఈ ఉదయం చేతితో చేరుస్తున్నాను. సాక్షులు ఎదురుగా ఉన్నారు.

సంతకానికి బయల్దేరే ముందు సుబ్బులును పిలుచుకొద్దామని వెళ్తే ఇంట్లో లేదు. ట్రైలర్ ఈమధ్య వాళ్ల ప్రీస్కూలు వెనుక పార్కింగ్ స్థలంలోనే ఉంటోంది కాబట్టి అక్కడికి వెళ్లాను. మా కారు కూడా అక్కడే, ట్రైలర్‌కు తగిలించి ఉంది. స్టీరింగ్ దగ్గర మా వారు. ట్రైలర్ అడ్డంగా తిరిగి రెండు గీతలకు మధ్య ఇరుక్కుని ఉంది. సుబ్బులు వెనుక నిలబడి చేతులూపుతూ అరుస్తోంది:

"అన్నయ్యా, ఎడమ! నీ ఎడమ కాదు, దాని ఎడమ!"

నెల రోజులుగా ప్రతి ఆదివారం నేర్చుకుంటున్నారట. గుడికి వెళ్తున్నారనుకున్నాను. నన్ను చూసి ఆయన కారు ఆపి అద్దం దించారు.

"డాక్టరు నిన్ను మూడు నెలలు డ్రైవ్ చేయొద్దన్నాడుగా. మరి నవంబరు ప్రయాణానికి ఎవరు లాగుతారనుకున్నావు?"

నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆయన ముందుకు పోయి, మళ్లీ వెనక్కు వచ్చి, ఈసారి గీతల మధ్య సరిగ్గా నిలబెట్టారు.

కాబట్టి నాలుగో దఫాను ఇలా సవరిస్తున్నాను: కారు, ట్రైలర్ సుబ్బులువే. అయితే మా వారు బతికున్నంతకాలం, ఆయన కోరినప్పుడల్లా ఆయనకు స్టీరింగ్ ఇవ్వాలి. కొండదారుల్లో కూడా.

పైన రాసినదంతా చదువుకుని, నాకు సమ్మతమై, ఫ్రీమాంట్‌లో 2025 సెప్టెంబరు 14, ఆదివారం నాడు సంతకం చేశాను.

(సంతకం) పోలవరపు శశికళ

ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసి, ఈ వీలునామా వల్ల మాకు వచ్చేదేమీ లేదని తెలుపుతూ, సాక్షులుగా సంతకాలు చేసినవారు:

1. కొమ్మినేని భాస్కర్, ఫ్రీమాంట్
2. గుడిపాటి రాఘవులు, ఫ్రీమాంట్