పూలు విచ్చని రాకెట్లు

గార్త్,

నేను లోర్న్ భార్యను. మీ ఆన్‌లైన్ ఆటలో కెనడా డేకి కాల్చే రాకెట్లన్నీ ఏటా చేసేది ఆయనే కదా. ఈమధ్య పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది. చదువుతారు గానీ, ఎంత చెప్పినా టైపు చెయ్యరు. అయినా ఎడమచేత్తో మౌస్ పట్టుకుని ఈసారీ ఆటలోని పెట్టె నిండా చేశారు. ఆయన పడుకున్నాక ఒకటి కాల్చి చూశాను. ఉత్తినే పైకి పోయి ఆరిపోయింది. మందు కూరారు గానీ, పైన పూలై విచ్చే రంగుల గుండు పెట్టడం మరిచారు.

ఆయనకు చెప్పలేదు. ఇంట్లో అందరం "భలే, భలే" అంటూ ఆయన్ని పసివాణ్ణి చేసేశాం. మీరు అవే కాల్చండి. కాల్చి, ఎప్పట్లాగే "ఒరేయ్ ముసలోడా, మాకు పొగ అంటగట్టావేంరా?" అని స్క్రీన్ మీద ఏకిపారెయ్యండి.

మిమ్మల్ని తిరిగి తిట్టడానికైనా నాలుగక్షరాలు కొడతారు.