రేపెళ్దురు గాని

కడియం పక్కన, మా నర్సరీ నుంచి.

మధులత గారికి వెంకటరాజు నమస్కారాలు.

ఫోనులో చెబుదామంటే నా మాట సగంలో ఉండగానే మీరు ఓకే సర్ అంటున్నారు. అందుకే కాగితం మీద పెట్టాను. మా అమ్మాయి శ్రీదుర్గ ఫొటో తీసి మీకు వాట్సాప్‌లో పంపుతుంది. మా ఇంటికొచ్చే టూరిస్టులు ఇక్కడ ఏమేం చేయవచ్చో రాయమన్నారు. మొక్కలకి అంట్లు కట్టడం, కాలువలో పడవ నడపడం, రావులపాలెంలో అరటి గెలలు ఎత్తడం అని మీరే సలహా కూడా ఇచ్చారు. ఇంటికొచ్చిన మనిషి చేత గెలలు ఎత్తిస్తే మేం ఊళ్లో తలెత్తుకు తిరగొద్దాండి? వాళ్లు తింటారు, పడుకుంటారు, లేచి మళ్లీ తింటారు. అదే రాసుకోండి.

ఇట్లు,
వెంకటరాజు

తా.క. వచ్చేవారు ఎటువైపు చుట్టాలని మా ఆవిడ మాణిక్యాంబ అడుగుతోంది.

హైదరాబాద్.

వెంకటరాజు గారికి నమస్తే.

చుట్టాలు కాదండి, కస్టమర్లు. నిజామాబాద్ నుంచి రాజేంద్ర గారని రిటైరైన ఇంజనీరు ఒక్కరే వస్తున్నారు. బుధవారం వెళ్లిపోతారు. శుక్రవారం ఆ గదిలోకే పిల్లలతో ఒక కుటుంబం వస్తుంది. మీ ఊరు మా వెబ్‌సైట్‌లో ఉండాలని పట్టుబట్టింది నేనే. వచ్చినవాళ్లకి చేయడానికేమీ లేకపోతే తీసేస్తానని మా మేనేజర్ అన్నారు. నా మాట నిలబెట్టండి.

మీ
మధులత

తా.క. రాజేంద్ర గారు మితంగా తింటారట.

మధులత గారికి,

మితంగా తింటారన్నది ఇప్పుడు నిజం కాదు. మాణిక్యాంబ మాన్పించేసింది.

అసలు సంగతేంటంటే, బుధవారం ఆయన బ్యాగు సర్దుకుని సెలవు తీసుకోబోయారు. మా ఆవిడ, "అప్పుడేనా, రేపెళ్దురు గానండి" అంది. మావైపు ఎవరు బయల్దేరినా అనే మాటే. వాళ్లు పనుందనాలి, మేం ఇంకోసారి బతిమాలాలి, అప్పుడు గుమ్మం దిగాలి. ఈయన సరేనని బ్యాగు లోపల పెట్టేశారు. ఇవాళా అంతే జరిగింది. ఆ మాట అనకే అంటే, "అనకుండా మనిషిని ఎలా పంపనండీ" అని నా మీదే ఎగిరింది.

ఇట్లు,
తోచక,
వెంకటరాజు

తా.క. ఆయన మంచి మనిషండి. అదే వచ్చిన చిక్కు.

వెంకటరాజు గారికి,

ఆయనకి ఫోన్ చేశాను. "ఆమె రోజూ అంతగా ఉండమంటుంటే కాదనడానికి మొహమాటంగా ఉందమ్మా" అన్నారు. ఆయనా ఇరుక్కుపోయారండి. దయచేసి మీరే వెళ్లమని చెప్పండి. గది లేక ఆ పిల్లలు వెనక్కి వెళ్తే మీ ఊరు పోతుంది, ఇక్కడ నా మాటకీ విలువ పోతుంది.

మీ
మధులత

తా.క. ఆయన బయల్దేరే సమయానికి మీ ఆవిడ గారిని గుడికి పంపండి.

మధులత గారికి,

గుడికి వెళ్లమంటే ఆయన్నీ వెంటబెట్టుకెళ్లింది. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఆ పిల్లల వాళ్ల కారు ఆగింది. మాణిక్యాంబ ఆయన వైపు తిరిగి, "తమ్ముడూ, చుట్టాలొచ్చారు. గది వాళ్లకిచ్చి నువ్వు వరండాలో పడుకో" అంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆయన మాత్రం గబగబా వెళ్లి దుప్పట్లు మడిచి, వాళ్ల సూట్‌కేసులు లోపలికి మోసుకొచ్చాడు. రాత్రి వడ్డన ఆయనదే. మర్నాడు ఆ పిల్లల్ని తోటలోకి తీసుకెళ్లి, ఇన్నాళ్లూ నేను కడుతుంటే చూసి నేర్చుకున్నాడు కాబోలు, వాళ్ల చేత అంట్లు కట్టించాడు. నేనైతే చేయించలేకపోయేవాణ్ని. మీ మేనేజరు గారికి చెప్పండి, చేయడానికి ఒకటి దొరికింది.

సాయంత్రం, "అక్కా, ఇంటి దగ్గర పనుంది, వెళ్తాను" అన్నాడు. మా ఆవిడ రేపెళ్దువు గానంది. కుదరదన్నాడు. రెండోసారి బతిమాలింది. అది మర్యాదకి అన్న మాట కాదని ఆవిడ గొంతులోనే తెలిసిపోయింది.

గేటు దగ్గర నాతో అన్నాడు, "మా ఆవిడ పోయాక ఎక్కడికెళ్లినా నన్ను చుట్టంలా కూర్చోమనే అన్నారు బావగారూ. లేచి చోటివ్వమన్నది మీ ఇంట్లోనే." నేను బ్యాగు అందుకుని బస్సు దాకా వెళ్లాను.

ఇట్లు,
వెంకటరాజు

తా.క. వచ్చే నెల మళ్లీ వస్తాడు. మీ దగ్గర బుక్ చేయబోతే ఒప్పుకోకండి. మాణిక్యాంబ వింటే ఊరుకోదు.