నాలుగు మూలల పసుపు

ఎడిసన్, మార్చి 2008

అక్కా,

ఇక్కడ అందరం కులాసా. నా మోకాలు నొప్పి తగ్గింది, బెంగ పడకు. ఈ కార్డు నేను చేసిందే. కాగితం మీద కాగితం అంటించి, స్టెన్సిల్‌తో రంగు అద్ది, పైన ఆకుల స్టాంపు వేయడం లైబ్రరీలో నేర్పుతున్నారు. రంగు ఆరేదాకా కిటికీలోంచి మంచు కరగడం చూస్తూ కూర్చుంటే ఏ ఊళ్లో ఉన్నానో మరిచిపోతాను.

మొన్న పక్కింటి డోరతీ భర్త పోయాడు. పరామర్శకని కార్డు చేస్తూ, ఏ ధ్యాసలో ఉన్నానో, శుభలేఖకి పెట్టినట్టు నాలుగు మూలలా పసుపు పెట్టేశాను. చావు పరామర్శకి పసుపేమిటని తుడవబోతే పోలేదు. పైన నీలం రంగు వేసినా అంచుల్లోంచి పసుపు కనిపిస్తూనే ఉంది. వేరేది చేసే వ్యవధి లేక అదే ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసి, "తెల్లవారుతున్నట్టుంది" అంది. కిటికీలో పెట్టుకుంది. పొద్దున్నే లేవగానే నా చూపు అటే పోతుంది.

అటక మీద అమ్మ ముగ్గుల అచ్చురేకులుంటాయి. ఎవరైనా వస్తుంటే పంపు, స్టెన్సిల్‌కి పనికొస్తాయి. కొత్త చింతపండు వచ్చిందా?

తన పెళ్లి కుదిరిందని మంజరి ఫోన్ చేసింది. బావ లేడన్న కారణంతో నువ్వు కన్నకూతురి పెళ్లిలో కూడా శుభకార్యాల దగ్గరికి రానంటున్నావట. ఈ కార్డు మూలలు చూడు, ఈసారి పొరపాటున పెట్టింది కాదు. పిల్లకి మా ఆశీస్సులు. దాని శుభలేఖలకి నీ చేత్తోనే పసుపు పెట్టు. మొదటిది నాకు పంపు.

నీ చెల్లెలు
సుభాషిణి